అడవిదున్న మేతయు నివాసమును

అడవిదున్న యనగా నేమని మేము తరగతిలో నడిగినప్పుడు, పలువురు విద్యార్థులు చెఱువులో మునిగియుండు దున్నపోతునే వర్ణించిరి. పేరు దున్నయే గాని, యీ మృగము ఎనుముల జాతిది కాదు; ఆవుల కులమునకు జేరినది. ఆంగ్లేయ వేటకాండ్రు దీనిని బైసన్ అనిరి, అదియు బొరపాటే. శాస్త్రజ్ఞులు దీనిని గౌర్ అందురు. ఎదిగిన పోతు 600 మొదలు 1000 కిలోగ్రాముల వఱకు తూగును. నల్లని మేను, మూపు మీద నెత్తైన గట్టు, తెల్లని మేజోళ్లు తొడిగినట్లుండు కాళ్లు దీని గుఱుతులు. గోదావరి యొడ్డున పాపికొండలయందును, పడమటి కనుమలయందును, మధ్యప్రదేశ్ లోని కాన్హా యడవియందును ఇవి నేటికిని గలవు.

ఇంత పెద్ద దేహమునకు మేత యెట్లు లభించును? వానలు కురిసి పచ్చిక మొలచినప్పుడు ఇవి దానినే కోరి మేయును. అప్పుడు ఎల్లెడల నీరు దొరకుటచే మందలు చెదరి కొండల కెక్కును. వేసవిలో గడ్డి యెండి బిరుసెక్కగా, ఆకులను, వెదురును, రాలిన పండ్లను తిని, టేకుచెట్ల బెరడును సహితము చీల్చి నమలును. ఎండుగడ్డిలో గొఱతపడిన సున్నము మొదలగు ఖనిజముల కొఱకే బెరడు తినుచున్నవని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. ఆ కాలమున మందలు లోయలకు దిగి నీటిపట్టులను జేరును. ఉదయ సాయంకాలములందు బయలులో మేసి, మిట్టమధ్యాహ్నము చెట్లనీడను నెమరువేయును. మనుష్యుల యలజడి హెచ్చినచోట రాత్రివేళ మేయుట కలవాటుపడును. కావున పచ్చిక బయలు, దట్టమైన నీడ, నీరు, ఈ మూడును ఒకదాని కొకటి చేరువగా నున్న యడవియే వీనికి దగిన నివాసము.

మన పశువులు అడవికి మేతకు బోయినప్పుడు ఆ పచ్చికనే మేసి, ఆ మడుగులోనే నీరు త్రాగును. తెగులును అచ్చటనే యొక మందనుండి వేఱొక మందకు ప్రాకును. 1968 ప్రాంతమున రిండర్‌పెస్టు అను పశువుల మహమ్మారి ముదుమలై, బందీపూర్ అడవులలో గౌర్లను విస్తారముగ జంపెను. టీకాల వలన ఆ తెగులు లోకమునుండి నిర్మూలమైనదని 2011లో ప్రకటింపబడెను. ఆ యేటనే మఱియొక శుభకార్యము జరిగెను. మధ్యప్రదేశ్ లోని బాంధవ్‌గఢ్ అడవిలో 1990ల దశకమున గౌర్లు అంతరించియుండగా, కాన్హానుండి కొన్నిటిని లారీలలో దెచ్చి యచ్చట విడిచిరి. మఱుసటి యేటికి వాని సంఖ్య 50 అయ్యెను. తరువాత అవి యచ్చట ఈని వృద్ధిపొందినవి.

అయినను గాలికుంటు వ్యాధి యింకను మన దొడ్లలో నున్నది. అది గౌర్లకును సోకును. కావున అడవి యంచున గాపురముండు తలిదండ్రులను మేము కోరున దేమనగా, ఆఱు మాసముల కొకసారి మీ పశువులకు టీకాలు వేయింపుడు. జబ్బుపడిన పశువును మేతకు దోలక యింటనే కట్టివేయుడు. విద్యార్థులారా, పశువైద్యుడు మీ యూరికి వచ్చు దినమును ఇంటివారికి జ్ఞాపకము చేయుట మీ పని. దాని వలన మీ పాడియు నిలుచును, కొండమీది మందయు నిలుచును.