అన్ని మంచులకూ ఒకే జత స్కీలు: ఎలా ఎంచుకోవాలి?

ఫ్రీమాంట్, సన్నీవేల్ లాంటి ఊళ్ల నుంచి శనివారం చీకటితోనే బయల్దేరి, ఐ-80 మీదుగా టాహో కొండలకు స్కీయింగ్‌కు వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. రెండు మూడు సీజన్లు అద్దె స్కీలతో నెట్టుకొచ్చాక సొంత జత కొనుక్కోవాలనిపిస్తుంది. దుకాణానికి వెళ్తే గోడ పొడవునా నిలబెట్టిన స్కీల్లో చాలావాటిని ‘ఆల్ మౌంటెన్’ పేరుతోనే అమ్ముతుంటారు. కొండమీద ఎక్కడైనా, ఎలాంటి మంచులోనైనా పనికొస్తాయని ఆ మాటకు అర్థం. అందులో నిజం లేకపోలేదు. కానీ ప్రతి స్కీ ఏదో ఒక మంచు వైపు మొగ్గే ఉంటుంది. అది ఏ వైపు మొగ్గిందో చూసుకోవడమే కొనేవాళ్లు చేయాల్సిన పని.

ముందు టాహో మంచు సంగతి చూద్దాం. పసిఫిక్ సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడి తుపానుల్లో తేమ ఎక్కువ, మంచు బరువుగా పడుతుంది. కొలరాడోలో పడే పొడిమంచుకూ దీనికీ పోలికే లేదు. అందుకే ఇక్కడివాళ్లు దీన్ని ‘సియెర్రా సిమెంట్’ అంటారు. తుపాను మర్నాడు ఉదయం లిఫ్టులు తెరిచాక రెండు గంటలు దాటకుండానే కొత్త మంచంతా జనం తొక్కిడికి గుట్టలు గుట్టలవుతుంది. రెండు రోజులు పోతే యంత్రాలతో చదును చేసిన గట్టి రన్‌లే మిగులుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే ఒక్క రోజులోనే మూడు మంచులు ఎదురవుతాయి. రాత్రి గడ్డకట్టి ఉదయానికి గీసుకుపోయేంత గట్టిగా ఉంటుంది. పది, పదకొండు గంటలకు పైపొర కరిగి బొంబాయి రవ్వలా విడివడుతుంది. మధ్యాహ్నానికి నీళ్లోడుతూ కాళ్లను పట్టేస్తుంది.

ఇక స్కీ వైపు వద్దాం. పైభాగం మీద చిన్న అక్షరాల్లో 130-94-116, ఆర్ 17 అన్నట్టు అంకెలు ఉంటాయి. ముందు కొన, నడుము, తోక ఎంతెంత వెడల్పో మిల్లీమీటర్లలో చెప్పేవి మొదటి మూడూ. అంచుల వంపు ఎన్ని మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలో ఇముడుతుందో చెప్పేది ఆఖరిది. అది తగ్గేకొద్దీ మలుపు చిన్నదవుతుంది. వీటన్నిటిలోకీ ముందుగా చూడాల్సింది నడుము. వెడల్పు పెరిగేకొద్దీ మెత్తని మంచులో మునగకుండా తేలుతుంది. గట్టి మంచులో మాత్రం అదే వెడల్పు ఎదురుతిరుగుతుంది. పట్టు దొరికేది ఉక్కు అంచు దగ్గర, ఆ అంచేమో పాదం మధ్య నుంచి దూరంగా జరిగిపోతుంది. స్కీని ఒక అంచు నుంచి మరో అంచుకు తిప్పడానికి సమయం ఎక్కువ పడుతుంది, మోకాలి మీద మెలి పెరుగుతుంది. పౌడర్ (లోతైన మెత్తని కొత్త మంచు) వీడియోలు చూసి 110 మిల్లీమీటర్ల స్కీ కొనుక్కున్నవాళ్లు సీజన్‌లో ఎక్కువ రోజులు గట్టి మంచు మీదే దాన్ని ఈడ్చుకుంటూ తిరగడం చూస్తే నాకు బాధేస్తుంది.

నడుము తర్వాత చూడాల్సింది పక్కనుంచి కనిపించే ఆకారం. జతలోని రెండు స్కీల అడుగులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. మధ్యలో సన్నటి ఖాళీ కనిపిస్తుంది. అదే కాంబర్. చేత్తో నొక్కితే ఆ ఖాళీ మూసుకుపోతుంది, వదలగానే మళ్లీ తెరుచుకుంటుంది. మన బరువు పడ్డప్పుడు అంచు పొడవునా ఒత్తిడి పరుచుకుని గట్టి మంచును పట్టుకునేది ఈ స్ప్రింగు గుణంతోనే. ఇప్పుడు కొనల వైపు చూడండి. రెండు స్కీలూ కొనకు చాలా ముందే విడిపోతే అది రాకర్. ఆ ఎత్తిన కొన గుట్టల్లోకి దూరకుండా పైకెక్కుతుంది. అన్ని మంచులకూ కావాలనుకునేవాళ్లు పాదం కింద కాంబర్, ముందు స్పష్టమైన రాకర్, తోకలో కొద్దిపాటి రాకర్ ఉన్నవి తీసుకోవాలి.

గట్టి మంచును పట్టుకోవడం, మెత్తని మంచులో తేలడం అనే రెండు గుణాలూ ఒకే స్కీలో కలవడం పాత ముచ్చటేమీ కాదు. స్లొవేనియా సంస్థ ఎలాన్ 1993లో నడుము బాగా సన్నగిల్లిన ఎస్‌సీఎక్స్ స్కీని తెచ్చాకే మామూలువాళ్లకు అంచు మీద గుండ్రటి మలుపు చేతికందింది. పౌడర్ వైపు మార్పు మాత్రం ఈ టాహో కొండల్లో తిరిగిన మనిషి వల్లే వచ్చింది. అప్పట్లో స్క్వా వ్యాలీగా ఉండి, 2021లో పాలిసేడ్స్ టాహోగా పేరు మారిన కొండే షేన్ మెక్‌కాంకీ అనే ఆ స్కీయర్‌కు ఇల్లు. నీటి మీద వాడే స్కీలకు, బూటును పట్టి ఉంచే బైండింగులు బిగించి అలాస్కా వాలుల్లో దిగి చూశాడాయన. ఆ ఆలోచనే 2002లో వోలాంట్ స్పాచులా అయింది. నడుము దగ్గరే ఎక్కువ వెడల్పు, కొనలు రెండూ పైకెత్తి ఉండే విడ్డూరమైన స్కీ అది. లోతు మంచులో దానికి తిరుగులేదు, గట్టి మంచు మీద నిలబడటమే కష్టం. ఆయన 2009లో ఇటలీ డోలమైట్స్‌లో ప్రమాదంలో చనిపోయాడు. ఇవాళ దుకాణంలో ఉన్న దాదాపు ప్రతి ఆల్ మౌంటెన్ స్కీ ముందు కొనలోనూ ఆయన ఆలోచన కనిపిస్తుంది.

లోపలి సరుకు సంగతి క్లుప్తంగా చెబుతాను. చెక్క గుండె మీద టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు వేస్తే స్కీ బరువెక్కుతుంది, చెదిరిన మంచులో వణక్కుండా దూసుకెళ్తుంది. నార్డికా ఎన్‌ఫోర్సర్ ఆ కోవది. లోహం లేని హెడ్ కోర్ లాంటివి తేలిక, చెట్ల మధ్య చప్పున తిరుగుతాయి. సన్నగా ఉన్నవాళ్లూ, ఇంకా నేర్చుకుంటున్నవాళ్లూ లోహం జోలికి పోకపోవడమే మేలు. పొడవు విషయంలో గడ్డానికీ నుదుటికీ మధ్య ఉంటే చాలు. రాకర్ ఎక్కువున్న స్కీ గట్టి మంచుకు ఆనే భాగం తక్కువ కాబట్టి కాస్త పొడవైనదే తీసుకోవచ్చు.

నా తీర్పు ఇది. టాహోలో ఒక్క జతతో గడపాలంటే 88 నుంచి 96 మిల్లీమీటర్ల మధ్య కొనండి. న్యూజెర్సీ నుంచి వెర్మాంట్ వెళ్లేవాళ్లకు ఐసు ఎక్కువ కాబట్టి 80 దగ్గర ఆగడం మంచిది. గుల్మార్గ్‌లో గొండోలా ఎక్కి దాదాపు 3,980 మీటర్ల ఎత్తున అఫర్వత్ దగ్గర దిగితే చదును చేయని వాలులే ఎక్కువ. అక్కడ అద్దెకు తీసుకునేటప్పుడు 100 దాటినదే అడగండి.

డబ్బు పరిమితంగా ఉంటే మాత్రం ముందు బూట్లు కొనాలి. వదులు బూటుతో ఏ స్కీ అయినా మాట వినదు. బైండింగు విడుదల బిగువును మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవును బట్టి శిక్షణ పొందిన సాంకేతికుడే పెట్టాలి. పడినప్పుడు స్కీ సమయానికి ఊడటం దాని మీదే ఆధారపడి ఉంటుంది. స్నేహితుడి సెట్టింగును మీరు పెట్టుకోవద్దు.

కొనేముందు డెమో స్కీలు అద్దెకు తీసుకోండి. ఒకే రోజు రెండు వేర్వేరు వెడల్పులు పట్టుకుని, ఉదయపు గట్టి మంచు మీద ఒకసారి, మధ్యాహ్నపు మెత్తని మంచు మీద ఒకసారి దిగి చూడండి. ఆ తర్వాత కొంటే డెమో అద్దెను ధరలో తగ్గించే దుకాణాలు చాలానే ఉన్నాయి, ముందే అడగండి.