నైపుణ్యాలకు వేరే పీరియడ్ లేదు

పుదుచ్చేరి పట్టణానికి వాయవ్యంగా ఉన్న సేదరపేట్ పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేది పిప్డిక్ పారిశ్రామికవాడ. ఆ ఊరి సర్కారు బడిలో తమిళ పిల్లలకు పాఠం చెప్పే టీచరమ్మకూ, అదే పుదుచ్చేరి పాలనలో గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం మాస్టారికీ ఇవాళ ఒకటే సిలబస్. ఒకప్పుడు పుదుచ్చేరి, కారైకాల్ బడులు తమిళనాడు బోర్డు వెంటా, మాహే కేరళ వెంటా, యానాం ఆంధ్ర వెంటా నడిచేవి. 2023-24 నుంచి ప్రభుత్వ బడులు పై తరగతుల్లో కూడా సీబీఎస్ఈ బాట పట్టాయి. దాంతోపాటే విమర్శనాత్మక ఆలోచన, సృజన, సహకారం, భావవ్యక్తీకరణ అంటూ ‘ఇరవై ఒకటో శతాబ్దపు నైపుణ్యాలు’ టీచర్ల ముందుకొచ్చి కూర్చున్నాయి. వాటి చుట్టూ అపోహలకు కొదవ లేదు. తమాషా ఏమిటంటే, వాటిలో కొన్నిటిని టీచర్లకు అంటగట్టింది శిక్షణ తరగతులే.

అపోహ: ట్యాబులూ స్మార్ట్ బోర్డులూ వస్తే బోధన దానంతటదే మారిపోతుంది.

వాస్తవం: పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచి, 319 బడుల్లో ఏం జరిగిందో పరిశీలించారు. 2012లో ఫలితాలు బయటికొచ్చాయి. కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది. లెక్కల్లో, భాషలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచారు. అప్పుడు కూడా మాటలన్నీ ఆ యంత్రం మీదే నడిచాయి. వీడియో ఆగిపోయాక టీచర్ ఏం అడగాలన్నది వెనకబడిపోయింది.

కరెంటు అక్కర్లేని ఆధునికత ఎలా ఉంటుందో చూడాలంటే మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వెళ్లాలి. చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు, అన్ని తరగతులూ ఒకే గదిలో. అలాంటి బడుల కోసం 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకో కార్డు పెట్టారు. ఏ కార్డు తర్వాత ఏది తీయాలో నిచ్చెన లాంటి పటం చెబుతుంది. తానెక్కడున్నాడో పిల్లాడే చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుంటాడు. ఒకడు సొంతంగా పని చేసుకుంటుంటే, ఇంకొకడు తోటివాడికి నేర్పుతుంటాడు, కొత్త మెట్టు ఎక్కేవాడు టీచర్ పక్కన కూర్చుంటాడు. స్వయంగా నేర్చుకోవడం, కలిసి పనిచేయడం అని ఇప్పుడు మనం పెద్ద పేర్లతో పిలిచేవన్నీ అందులో ఉన్నాయి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు దాన్ని కన్నడంలోకి ‘నలి కలి’గా తెచ్చుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు అందుకున్నాయి. ఆ తర్వాత తమిళనాడు అంతటా పాకింది. సేదరపేట్ పొలిమేర దాటితే ఆ తమిళనాడే. అయితే కార్డులు ప్రయాణించినంత తేలిగ్గా వాటి వెనకున్న ఆలోచన ప్రయాణించదు. అది లేనిచోట అట్టముక్కలు కూడా ట్యాబులంత తంతే.

అపోహ: చదివింది పది శాతం, విన్నది ఇరవై శాతం, చేసింది తొంభై శాతం గుర్తుంటుంది.

వాస్తవం: ఈ శాతాలు రాసిన పిరమిడ్ బొమ్మను చూపించని రిసోర్స్ పర్సన్ అరుదు. ఎడ్గార్ డేల్ పేరు కూడా దానికి తగిలిస్తారు. ఆయన 1946లో గీసిన ‘అనుభవ శంకువు’లో అంకెలే లేవు. తర్వాత ఎవరో అతికించారు. పిల్లల్ని ‘చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు’ అని విడదీసి తలా ఒక రకంగా చెప్పాలన్న సిద్ధాంతానిదీ ఇదే గతి. దానికి తగిన రుజువు లేదని 2008లో మనస్తత్వవేత్తల సమీక్ష ఒకటి తేల్చింది. అందరికీ బొమ్మా కావాలి, మాటా కావాలి. ఏది ఎప్పుడన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది.

అపోహ: సమాచారం ఫోన్‌లోనే దొరుకుతుంది కాబట్టి ఆలోచించడం నేర్పితే చాలు.

వాస్తవం: 1988లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. బేస్‌బాల్ ఆట గురించిన కథనాన్ని పిల్లలచేత చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లు, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ల కంటే ఆ కథనాన్ని ఎక్కువ అర్థం చేసుకున్నారు. ఆలోచన గాల్లో నిలబడదు, దానికి విషయం కావాలి. సేదరపేట్ పిల్లల్ని ‘కాలుష్యంపై విమర్శనాత్మకంగా ఆలోచించండి’ అంటే చార్టు మీద పొగగొట్టం గీసి ఊరుకుంటారు. అదే ఆమ్లాలు, క్షారాలు చెప్పాక, పారిశ్రామికవాడలో ఏమేం తయారవుతాయి, ముడిసరుకు ఎక్కణ్నించి వస్తుంది, వాడిన నీళ్లు ఎటు పోతాయి, ఊసుటేరి చెరువు నీటిని పరీక్షించాలంటే ఏం కొలవాలి అని అడిగి చూడండి. ప్రశ్నలు పిల్లల దగ్గర్నుంచే మొదలవుతాయి. దగ్గరున్న దాన్నుంచి దూరానికి వెళ్లాలని శ్రీ అరవిందులు ‘కర్మయోగిన్’ పత్రికలో రాసి శతాబ్దం దాటింది. ఈ సంగతి పుదుచ్చేరిలో వేరే చెప్పాలా?

అపోహ: గ్రూపుగా కూర్చోబెడితే సహకారం వచ్చేస్తుంది.

వాస్తవం: ఒకమ్మాయి రాస్తుంది, మిగతా నలుగురు పేర్లు రాస్తారు. ఎవరి వంతు పని ఏమిటో ముందే తేల్చి, ఎవరిని లేపినా జవాబు చెప్పాలన్న షరతు పెడితే తప్ప అది గ్రూపు పని కాదు. స్టేషనరీ షాపులో కొని అమ్మానాన్నలు అతికించే ప్రాజెక్టుల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

అపోహ: పరీక్షలున్నంత కాలం ఇవన్నీ కుదరవు.

వాస్తవం: సీబీఎస్ఈ 2023-24 నుంచి తొమ్మిది, పది తరగతుల ప్రశ్నపత్రాల్లో సగం సామర్థ్యాధారిత ప్రశ్నలకే కేటాయించింది. బట్టీకొట్టే పిల్లాడు ఇప్పుడు మార్కులు కూడా పోగొట్టుకుంటాడు. పైగా, నేర్చుకున్నదాన్ని పుస్తకం మూసి గుర్తుచేసుకుంటే, మళ్లీ చదివినప్పటి కంటే ఎక్కువకాలం నిలుస్తుందని 2006 నాటి ప్రయోగాలు చూపించాయి. మార్కుల్లేని చిన్న పరీక్ష టీచర్ చేతిలో మంచి పనిముట్టు.

అపోహ: అయిదు రోజుల శిక్షణ ఇచ్చేస్తే టీచర్ మారిపోతారు.

వాస్తవం: అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. 2019లో మొదలైన ‘నిష్ఠ’ శిక్షణ కార్యక్రమం లక్ష్యం దాదాపు 42 లక్షల మంది టీచర్లు, ప్రధానోపాధ్యాయులు. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంటోంది. గంటలు లెక్కపెట్టడం తేలిక. మర్నాడు తరగతి గదిలో ఏం జరిగిందో చూసేవాళ్లెవరు? టీచర్ పాఠాన్ని ఒకరు వెనక కూర్చుని చూసి, తర్వాత దాని గురించే మాట్లాడే కోచింగ్ పద్ధతి మీద 60 అధ్యయనాల్ని 2018లో కలిపి చూశారు. బోధన గణనీయంగా మెరుగుపడింది, పిల్లల ఫలితాలు కూడా కొంత పెరిగాయి. పథకం పెద్దదయ్యేకొద్దీ ఆ లాభం తగ్గింది.

అందుకే పై నుంచి వచ్చే సర్క్యులర్ కంటే పక్క బడి టీచర్ మీద నాకు నమ్మకమెక్కువ. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ పుదుచ్చేరిలోనూ ప్రభుత్వ టీచర్లతో పనిచేస్తోంది. టీచర్లు తమంతట తాము వచ్చి కూర్చునే వేదికలు దాని పద్ధతిలో ఒక భాగం. ఆంధ్రలో, తెలంగాణలో మనకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. అక్కడ రిజిస్టర్లు నింపడం, సంతకాలు పెట్టడం అరగంటలో ముగించి, మిగిలిన సమయంలో ఒక టీచర్ నిజమైన పిల్లల ముందు ఒక పాఠం చెప్పాలి, మిగతావాళ్లు రెండే చూడాలి: టీచర్ అడిగిన ప్రశ్నల్లో ‘ఎందుకు’ అన్నవి ఎన్ని, ప్రశ్న అడిగాక పిల్లలకు ఇచ్చిన వ్యవధి ఎంత. ఇందుకు బడ్జెట్ అక్కర్లేదు, హెడ్మాస్టరు ఒప్పుకుంటే వచ్చే సమావేశంలోనే మొదలుపెట్టొచ్చు.