ఆల్చిప్ప: కవిసమయము, జీవనోపాధి

పటాన్‌చెరువు చెంతనున్న ముత్తంగి గ్రామము పేరు వినగనే, భద్రాద్రి రామునకు జరుగు ముత్తంగి సేవయు, ఆ ముత్యాల అంగియు తెలుగువారి తలపునకు వచ్చును. స్వాతివాన చినుకు చిప్పలో బడి ముత్యమగునని మన కవిసమయము. ముత్యము నెరిగినంతగా మనము చిప్పలేరి బ్రదుకువారి నెరుగము. వారి వృత్తిని పరిచయము చేయుట యీ వ్యాసమున కుద్దేశము.

సంస్కృతమున శుక్తి యనబడునది తెలుగున చిప్ప, ఆల్చిప్ప. జీవశాస్త్రము ననుసరించి ముత్యపుచిప్పయు, ఆహారమగు ఆల్చిప్పయు వేర్వేరు కుటుంబములకు చెందినవి. మన తీరపు కయ్యలలో, నదీముఖములలో పెరుగునది రెండవది. దానికి మాంసమే విలువ.

కాకినాడ అఖాతమున వేరొక చిప్ప గలదు. అది వెలుతురు చొరనిచ్చునంత పలుచన. గోవాలో పూర్వము దానిని గాజునకు బదులు కిటికీలకు బిగించెడివారు. కాకినాడ ప్రాంతమున చిప్పలను, గుల్లలను లోతు తక్కువ నీట చేతులతో తడవి యేరి, బట్టీలకమ్ముట జీవనముగా నుండెను. కాల్చి నీరు చల్లిన గుల్లసున్నము గోడలకును, తాంబూలమునకును వాడుకైనది. ఈ పలుచని చిప్పను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలో చేర్చిరి. దానితో నీ యేరుడు శాసనవిరుద్ధమైనది.

సేద్యమునకు వచ్చినచో, 1910 ప్రాంతమున జేమ్స్ హార్నెల్ పులికాటు సరస్సున ఆల్చిప్పల పెంపకమునకు యత్నించెను. 1970 దశకమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తూత్తుకుడిలో పద్ధతిని రూపొందించెను. ఖాళీ చిప్పలను త్రాటికి గ్రుచ్చి, గుంజలపై కట్టిన పందిరినుండి నీట వ్రేలాడదీయుదురు. నీట తేలు పిల్లలు వాని నంటుకొని పెరుగును. వేరుగ మేత పెట్టనక్కరలేదు. 1990 దశకమునుండి కేరళమున అష్టముడి సరస్సులో స్త్రీల సంఘము లీ సేద్యము చేపట్టినవి.

అయితే ఆల్చిప్ప నీటిని వడగట్టి తినును. నీటి మాలిన్యము దాని మాంసమున నిలుచును. కావుననే విక్రయమునకు ముందు దానిని శుభ్రమైన నీట నుంచవలెను. పారిశ్రామికమైన పటాన్‌చెరువు సీమ నీరు నక్కవాగున మంజీరను చేరును. మంజీర గోదావరిలో కలియును. గోదావరి పాయయగు కోరంగి కాకినాడ అఖాతమున బడును. ఎగువవారి శుభ్రత దిగువవారి కూటికి సంబంధించినదే.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ వృత్తిపదకోశము వెలువడినది. ఆ మార్గముననే యేరుడువారి నోటి పలుకులను, వారి తరము దాటకముందే తీరమునకేగి సేకరించుట తెలుగు శాఖల కర్తవ్యము. వృత్తి సన్నగిలిన పిమ్మట పదము మిగులుట యరుదు.