పంట ప్రకృతిదే.. మరి అన్నం?



దేవాదుల ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు ధర్మసాగర్‌ చెరువుకు చేరుతాయి. ఆ చుట్టుపక్కల వరి పండించే రైతు జీవామృతం పోసి, ఒక్క చుక్క మందు కొట్టకుండా పంట తీశాడనుకుందాం. ఆ వడ్లు మిల్లుకు పోయి తెల్లగా మెరిసే బియ్యమై వస్తే, అందులో మన కష్టం ఎంత మిగిలినట్టు?

లెక్క చూడండి. 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊక. అది తీసేస్తే మిగిలేది ముడి బియ్యం. పాలిష్ పడితే ఇంకో 8 నుంచి 10 కిలోలు తవుడు కింద పోతుంది. పీచు, బి1 విటమిన్, మంచి నూనె ఎక్కువగా ఉండేది ఆ తవుడులోనే. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డాక్టరు ఇది కోళ్లలో చూశాడు. పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు చచ్చుబడ్డాయి, ముడి బియ్యం పెడితే తేరుకున్నాయి.

అట్లని ప్రాసెసింగ్ అంతా చెడ్డదేం కాదు. పసుపు ఉడకబెట్టాల్సిందే, పాలు తోడు పెట్టాల్సిందే, వడ్ల మీద ఊక తీయాల్సిందే. తినడానికి వీలయ్యేంత వరకు చేస్తే అది సహజమే. సత్తువ తీసేసి, రంగు, రుచి, నిల్వ మందు కలిపితే కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో అతిగా ప్రాసెస్ చేసినవి తగ్గించమనే చెప్పింది.

మరి వ్యాపారులు పాలిష్ ఎందుకు పట్టిస్తారు? తవుడులో నూనె ఉంటది కాబట్టి ముడి బియ్యం తొందరగా ముక్కవాసన వస్తుంది, పురుగు పడుతుంది. నేరుగా అమ్ముకునే రైతుకు ఇక్కడే దెబ్బ. ఒక్కసారి పురుగు పట్టిన బియ్యం ఇస్తే ఆ ఇంటివాళ్లు మళ్లీ అడగరు.

అందుకే ఇట్లా చేయండి:

• బాగా ఆరబెట్టి వడ్లుగానే నిల్వ పెట్టండి.
• అడిగినవాళ్లకు నెలకు సరిపడా మాత్రమే పట్టించండి. సంచి మీద పట్టించిన తేదీ రాయండి.
• వండే ముందు నానబెట్టాలని, ఎసరు ఎక్కువ పోయాలని కొనేవాళ్లకు చెప్పండి.

పాలిష్ మానేస్తే తవుడు కింద పోయే ఆ 8, 10 కిలోలు బియ్యంగానే అమ్ముడుపోతాయి. రైతుకు బరువు, తినేవాళ్లకు బలం.

మీరు ముడి బియ్యం ఎట్లా నిల్వ చేస్తున్నారో వీడియో కింద రాయండి, పదిమందికి పనికొస్తుంది.