మన పెరట్లో జిల్లేడు చుట్టం

రథసప్తమి నాడు తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయడం మనందరికీ తెలిసిన ఆచారమే. ఆ జిల్లేడు కెనడా చలికి తట్టుకోదు. అయితే దాని చుట్టం ఒకటి ఇక్కడి నేలలోనే పుట్టి పెరుగుతోంది. అదే మిల్క్‌వీడ్. ఆకు తుంచితే అవే తెల్లని పాలు, కాయ పగిలితే అదే దూది. చలికాలంలో పైన ఎండిపోయినా, వసంతంలో వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

నారింజరంగు మోనార్క్ సీతాకోకచిలుక ఈ జాతి మొక్కల మీదే గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగుకు వేరే ఆహారం లేదు. వేసవి చివర పుట్టిన మోనార్క్‌లు ఆంటారియో నుంచి మెక్సికో కొండల దాకా ఎగిరి వెళ్తాయి. రెక్కలకు చిన్న చీటీలు అంటించి, ఎందరో వాలంటీర్ల సాయంతో ఆ దారిని వెతికినవారు టొరంటో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రెడ్ అర్కర్ట్, ఆయన భార్య నోరా. అవి చలికాలం గడిపే చోటు 1975లో దొరికింది.

ఆ మోనార్క్‌లు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. 2023లో కెనడా ప్రభుత్వం వాటిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. పొలాల్లో కలుపుమందులకు మిల్క్‌వీడ్ నశించడం అందుకు ఒక ముఖ్య కారణం. ఆంటారియోలో ఒకప్పుడు దీన్ని హానికర కలుపుగా లెక్కించేవారు. 2014లో ఆ జాబితా నుంచి తీసేశారు.

పెరటికి స్వాంప్ మిల్క్‌వీడ్ అనువైనది. మామూలు మిల్క్‌వీడ్ లాగా వేళ్ళతో పక్క మడుల్లోకి పాకదు. నాలుగడుగుల ఎత్తు పెరిగి, గులాబీరంగు పూలు పూస్తుంది. రోజుకు ఆరు గంటల ఎండ, కాస్త తేమ ఉంటే బంకమట్టిలోనూ బతుకుతుంది. గింజలు మొలకెత్తాలంటే ముందు చలి తగలాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో మట్టిలో పైపైన చల్లితే ఆ పని మంచే చూసుకుంటుంది. వసంతంలో ఇది ఆలస్యంగా లేస్తుంది. చచ్చిపోయిందని తవ్వేయకుండా, గుర్తుగా ఒక పుల్ల గుచ్చండి. మొదటి ఏడు పూలు రాకపోవచ్చు.

నర్సరీలో మొక్క కొంటే, పురుగుమందు తగలనిదేనా అని అడగండి. పసుపు పేనుబంక పడితే నీళ్ళతో కడగండి, మందు కొట్టవద్దు. పక్కన ఆస్టర్, గోల్డెన్‌రాడ్ నాటితే, ప్రయాణానికి ముందు మోనార్క్‌లకు మకరందం దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. ఈ పాలు కళ్ళకు మంట పెడతాయి, తింటే విషం. చిన్నపిల్లలను దూరంగా ఉంచండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. స్నానానికి, పూజకు ఈ ఆకులు వాడవద్దు.

జూలైలో ఆకులకు చిల్లులు కనిపిస్తే కంగారు పడకండి. ఆకు తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారల అతిథి అక్కడ భోజనం చేస్తూ ఉండవచ్చు. మొక్క నాటింది దాని కోసమే.