ఋణపత్ర రూపకము: 1963 నాటి వాషింగ్టన్ ఉపన్యాసము

1963 ఆగస్టు 28వ తేదీన వాషింగ్టనులో లింకన్ స్మారకమందిరము నెదుట మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ఉపన్యాసమనగానే స్వప్నమును గూర్చిన వాక్యములే స్ఫురించును. ఆ భాగము ముందుగా సిద్ధపరచిన ప్రతిలో లేదు. వేదికపై అప్పటికప్పుడు వచ్చి చేరినది. ఉపన్యాసమునకు వాదబలము నిచ్చినది అంతకు ముందున్న ఋణపత్ర రూపకము.

ఆలంకారికుల పరిభాషలో ఇది సావయవ రూపకము. స్వాతంత్ర్య ప్రకటనయు, రాజ్యాంగమును ప్రోనోటు, వానిని రచించినవారు సంతకము చేసినవారు, పౌరులెల్లరు వారసులు, నల్లజాతివారికి దక్కినది ఖాతాలో సొమ్ము లేదని తిరిగివచ్చిన చెక్కు. అయినను న్యాయమను బ్యాంకు దివాలా తీసెనని నమ్ముటకు వక్త నిరాకరించెను. బ్యాంకే లేనిచో సొమ్మడుగుటకు తావెక్కడిది?

ఈ రూపకముతో ప్రజలకును ప్రభుత్వమునకును గల సంబంధమే తలక్రిందులయ్యెను. అర్థిగా నిలువవలసినవాడు ఋణదాత యయ్యెను. దయచూపుట దాత యిష్టము. బాకీ తీర్చుట అట్టిది కాదు.

ఆవృత్తియు దీనికే తోడ్పడినది. 1863లో లింకన్ వెలువరించిన విమోచన ప్రకటనను స్మరించిన పిదప, నూరేండ్లు గడచినవను మాట నాలుగుమారులు వచ్చును. విన్నప్పుడది కాలగణనమే, రూపకము వెలసిన తరువాత అదియే గడువు మీరిన బాకీలెక్కగా భాసించును. ఆ పైని ఇదియే తరుణమని పదేపదే పలుకుట వేడికోలు కాదు, తగాదా.