తరిమెనకు అంకెల పాఠము

ఏటికొప్పాక లక్కబొమ్మను చేతిలోనికి తీసికొన్నవారు మొదట గమనించునది దాని గుండ్రదనము. అంకుడు కర్ర తిరుగుచుండగా ఉలిని ఒకచోట నిలిపినచో గుండ్రదనము తనంత తానే వచ్చును. ఇదియే తరిమెన ధర్మము. ఇనుమును పనిచేయు కర్మాగారములలో తరిమెనను లేత్ మిషననియు, ఉలిని టూలనియు అందురు. ధర్మము మాత్రము ఒక్కటే. తిరుగుట వస్తువు వంతు, నిలుచుట టూలు వంతు.

మరి గుండ్రముగా ఉండరాని వస్తువును ఈ యంత్రముపై చేయవలసివచ్చినచో? మోటారు ఇంజనులోని క్యామ్‌షాఫ్టు అట్టిది. పొడవైన ఇరుసుమీద కోడిగ్రుడ్డు ఆకృతి గల ఉబ్బులు, వేరువేరు దిక్కులకు చూచుచు, వరుసగా ఉండును. ఇరుసు తిరుగునపుడు ఒక్కొక్క ఉబ్బు ఒక్కొక్క వాల్వును నెట్టి తెరచును. ఉబ్బు దాటగనే స్ప్రింగు దానిని మూయును. ఉబ్బు వాలులో వెంట్రుకవాసి దోషమున్నను ఇంజను ఊపిరి తప్పును.

ఇట్టి వికారాకృతులను చేయుటకు పూర్వులు మాతృకను ఆశ్రయించిరి. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకుల కర్రపిడులను చెక్కు నకలు తరిమెనకు 1819లో పేటెంటు పొందెను. మాతృకపై ఒక చక్రము దొర్లుచుండగా, దాని కదలికను అనుసరించి కత్తి కర్రను చెక్కును. క్యామ్‌షాఫ్టులును చిరకాలము ఈ మార్గముననే తయారైనవి. ఈ పద్ధతిలోని చిక్కు తాళపత్రప్రతులను పరిష్కరించువారికి క్రొత్తది కాదు. మాతృకలో తప్పు దొర్లినచో ప్రతులన్నిటికిని అది సంక్రమించును.

మాతృకను ఇనుముతో గాక అంకెలతో ఏల చేయరాదు? ఈ ఆలోచన హెలికాప్టరు రెక్కల పనిలో పుట్టినది. మిషిగన్ రాష్ట్రవాసియగు జాన్ పార్సన్స్, ఆయన సహచరుడు ఫ్రాంక్ స్టూలెన్ రెక్క వంపులోని బిందువులను లెక్కకట్టించి, ఆ లెక్కల ననుసరించి లోహమును కోయించిరి. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీ ఆజ్ఞలతో నడచు మిల్లింగు యంత్రమును ప్రదర్శించెను. కాలక్రమమున పట్టీ స్థానమును కంప్యూటరు ఆక్రమించినది.

నేడు పాత లేతునే కంప్యూటరునకు అప్పగించుట సాధ్యము. టూలును ముందు వెనుకలకు జరుపు హ్యాండిలు స్థానమున మోటారును అమర్చుదురు. ఇరుసు ఎంత కోణము తిరిగినదో క్షణక్షణము తెలుపు సాధనము నొకదానిని బిగింతురు. ఏ కోణమునకు టూలు కేంద్రమునుండి ఎంత దూరమున ఉండవలెనో తెలుపు పట్టికయే ఇచట మాతృక. ఇరుసు నిమిషమునకు 60 చుట్లు అను మందగతిలో తిరిగినను, ఒక్క డిగ్రీకి చిక్కునది సెకనులో 360వ వంతు మాత్రమే. అంతలో టూలు తన చోటు మార్చుకొనవలెను.

అసలు కష్టము వేగమున గాక వేరొకచోట ఎదురగును. పాత లేతులో టూలును జరుపు మరకును, దాని నట్టుకును నడుమ కొంచెము సందుండును. హ్యాండిలును ఎదురు దిక్కునకు త్రిప్పినపుడు ఆ సందు తీరువరకు టూలు కదలదు. అనుభవశాలియగు టర్నరు దీనిని వ్రేళ్ళతోనే ఎరుగును. టూలును కావలసినదానికంటె ఎక్కువ వెనుకకు తీసి, మరల ముందుకు తెచ్చి కోత మొదలిడును. ఈ సంగతిని అతడు కాగితముపై పెట్టలేదు. పెట్టుమని అడిగినవారును లేరు. కంప్యూటరు అంకెను పంపి, టూలు కదలినదనియే భావించును. క్యామ్‌షాఫ్టు పనిలో టూలు ప్రతి చుట్టునందును దిక్కు మార్చుకొనును గనుక, ఉబ్బు శిఖరముననే ఆకృతి చెడును. అందుచేతనే పాత మరను తొలగించి, సందు లేకుండ గుండ్లపై దొర్లు బాల్ స్క్రూను అమర్చుదురు.

1940ల చివర అమెరికాలో మరియొక మార్గమును గూడ ప్రయత్నించిరి. నిపుణుడు మొదటి వస్తువును స్వహస్తములతో చేయుచుండగా యంత్రపు కదలికలను టేపుపై గ్రహించి, తరువాత యంత్రముచే వానినే మరల చేయించుట ఆ పద్ధతి. అది వెనుకబడినది, లెక్కల మార్గమే వ్యాపించినది. టర్నరు చేతినుండి పుట్టవలసిన మాతృక గణకుని బల్లపై పుట్టసాగినది. పనివాని విద్యకు విలువ ఎంత, దానికి యజమాని ఎవరు అను ప్రశ్న అప్పుడే ఉదయించినది.

వ్యాకరణము చదువు విద్యార్థులెరిగిన మాట యొకటి కలదు: లక్ష్యము ముందు, లక్షణము తరువాత. లోకములోని ప్రయోగమును చూచి సూత్రము కట్టుదురు. సూత్రకర్త చెవినిబడని ప్రయోగము సూత్రమున కెక్కదు. కంప్యూటరులోని పట్టిక సూత్రము వంటిది. టర్నరు చేతిపని ప్రయోగము వంటిది. లేతును మార్చు దినముననే వృద్ధుడగు టర్నరును ఇంటికి పంపుట, నిఘంటువు వ్రాయ కూర్చొని భాష మాటలాడువారిని వాకిట నుండి వెడలగొట్టుట వంటిది. మర ఎచట వదులో, టూలు ఏ వాలున లోహమును రాచుకొనునో, కోత ధ్వని ఎప్పుడు మారునో మొదట అతని నడుగవలెను. పట్టిక వ్రాయుట అటుతరువాతి పని.